పాత కేకు అచ్చులతో దసరా కొలువు, కార్తీక దీపం: బెంగళూరులో ఒక శిక్షణ తరగతిపై సమీక్ష

కేకులు, రొట్టెలు కాల్చడానికి ఏళ్ల తరబడి వాడి పక్కన పెట్టేసిన పాత అచ్చులతో శరత్కాలపు అలంకరణ వస్తువులు చేయడం నేర్పే ఒక రోజు శిక్షణ తరగతి బెంగళూరు ఫ్రేజర్ టౌను ప్రాంతంలో, ఒక పాత ఇంటి వెనక ఉన్న షెడ్డులో, దసరాకు ముందు వచ్చే వారాంతాలలో జరుగుతున్నది. సొంత ఇంట్లోనే నడుపుతున్నందువల్ల పేరునూ చిరునామానూ బహిరంగంగా రాయవద్దని నిర్వాహకురాలు కోరారు. ఆ చుట్టుపక్కల బేకింగ్ సామాన్లు అమ్మే దుకాణాలలో వాకబు చేస్తే వివరాలు తెలుస్తాయి. మనిషికి 1,800 రూపాయల రుసుములో మధ్యాహ్న భోజనం, పనిముట్ల వాడకం, మూడు పాత అచ్చులు, తీగలు, రంగులు అన్నీ కలిసే ఉంటాయి. వస్తువు మీద ప్రేమ, పనితనం మీద గౌరవం ఉన్న మనుషులు నేర్పే తరగతి ఇది. అలంకరణ నేర్పే చోట లోహం గురించి ఇంత శ్రద్ధగా చెప్పడం నేను మరెక్కడా చూడలేదు. అయితే దీపాల భద్రత విషయంలోనూ, షెడ్డులో గాలి ఆడే విషయంలోనూ వెంటనే సరిదిద్దుకోవలసిన లోపాలు ఉన్నాయి. వాటిని కూడా వివరంగానే రాస్తున్నాను.

పాత బేకింగ్ సామాన్లతో ఇల్లు అలంకరించుకోవడం అమెరికాలో బాగా వ్యాపించిన అలవాటు. అక్కడ సెప్టెంబరు చివరి నుంచి, నవంబరు నాలుగో గురువారం నాడు వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ వరకు గుమ్మాలనూ భోజనపు బల్లలనూ రంగు మారిన ఆకులతో, గుమ్మడికాయలతో, మొక్కజొన్న కంకులతో తీర్చిదిద్దుతారు. నిలువు గాడులున్న జెల్లీ అచ్చులు రెండింటిని మూతికి మూతి కలిపి, పైన తొడిమగా దాల్చినచెక్క నిలబెడితే గుమ్మడికాయ తయారవుతుంది. నడుమ గొట్టం ఉండే బండ్ట్ ప్యాన్లను కూడా ఇదే విధంగా వాడతారు. ఆ బండ్ట్ ప్యాన్‌ను 1950లో మినియాపొలిస్ నగరంలో నార్డిక్ వేర్ సంస్థ స్థాపకుడు డేవిడ్ డాల్‌క్విస్ట్, అక్కడి యూదు మహిళా సంఘం వారు అడిగిన మీదట పోత అల్యూమినియంతో తయారు చేశాడు. మొదట అంతగా అమ్ముడుపోని ఆ అచ్చుకు 1966లో పిల్స్‌బరీ వారి వంటల పోటీలో దానితో చేసిన చాక్లెట్ కేకు రెండో స్థానం పొందడంతో ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అలా ఇంటింటికీ చేరిన అచ్చులే ఇప్పుడు అక్కడ పాత సామాన్ల దుకాణాలలో దొరుకుతూ, పండుగ రోజుల్లో బల్లల మీద కొలువు తీరుతున్నాయి.

బెంగళూరులో శరత్తు వేరు. ఇక్కడి చెట్లు ఎక్కువగా ఆకులు రాల్చేది చలికాలం చివర. ఆశ్వయుజ మాసానికి నగరం ఇంకా పచ్చగానే ఉంటుంది. పైగా సంవత్సరం మొత్తంలో ఎక్కువ వాన కురిసే నెలలలో సెప్టెంబరు, అక్టోబరులు ముందు వరుసలో ఉంటాయి. మన శరత్తుకు గుర్తులు బంతి, చామంతి, రెల్లుపూలు, నవరాత్రుల కొలువు, ఆయుధపూజ నాటి బూడిద గుమ్మడికాయ, ఆ తరువాత నెలంతా వెలిగే కార్తీక దీపాలు. కోస్తా తెలుగు ఇళ్లలో చాలామంది సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే, బెంగళూరులో స్థిరపడిన మనవాళ్లు ఇరుగుపొరుగు కన్నడ, తమిళ కుటుంబాలతో కలిసి దసరాకే పెట్టుకోవడం పరిపాటి అయింది. ఈ తరగతి రూపొందించినామె కేకుల తయారీ నేర్పే వృత్తిలో ఉన్న తెలుగావిడ. అమెరికా నుంచి వచ్చిన ఆలోచనను తీసుకుని, దానిని కొలువుకూ తోరణానికీ ఆకాశదీపానికీ మళ్లించారు. ఈ తరగతికి నేను ఎక్కువ మార్కులు వేయడానికి ఇదే మొదటి కారణం. గుమ్మడికాయ బొమ్మ చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కాని పండుగ అయిపోయాక దానికి పనేమీ ఉండదు. కొలువు మెట్టుగా మారిన కేకు టిన్ను మాత్రం ఏడాది తరువాత మళ్లీ కొలువుకే దిగుతుంది.

అచ్చులు ఎక్కడి నుంచి వస్తాయన్నది కూడా చెప్పుకోదగిన సంగతే. బెంగళూరు బేకరీల ఊరు. మాస్క్ రోడ్డులోని ఆల్బర్ట్ బేకరీ 1902 నుంచి నడుస్తున్నది. ఖారా బన్ను, హనీ కేకు, దిల్‌పసంద్ అమ్మే అయ్యంగార్ బేకరీలు లేని పేట దాదాపు ఉండదు. క్రిస్మస్‌కు నెలల ముందు నుంచే ఎండుపండ్లు నానబెట్టి కేకులు చేసే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కంటోన్మెంటులో తరతరాలుగా ఉన్నాయి. బేకరీలు సామాన్లు మార్చినప్పుడు, పాత ఇళ్లు ఖాళీ చేసినప్పుడు రొట్టె టిన్నులు, కేకు అచ్చులు పాత సామాన్ల వర్తకుల చేతికి వెళ్లి, చిక్కపేట దగ్గరి సండే బజారులో నేల మీద పరిచిన గోనెపట్టాల పైకి చేరతాయి. నిర్వాహకురాలు ఎక్కువగా అక్కడే ఏరుకుంటారు. తరగతి బల్ల మీద పరిచిన సరుకులో అంచుకు తీగ చుట్టి మడిచిన పొడవాటి రొట్టె టిన్నులు, పన్నెండు గుంతల మఫిన్ ట్రేలు, అరచేతిలో ఇమిడే టార్ట్ టిన్నులు, చేప ఆకారపు జెల్లీ అచ్చులు, ‘పై’ (pie) అనే వంటకం కాల్చే, పింగాణీ పూత పెచ్చులూడిన పళ్లేలు ఉన్నాయి. మూత నడుమ గాజు కిటికీ ఉండే గుండ్రని అల్యూమినియం కరెంటు ఓవెను కూడా ఒకటి ఉంది. మైక్రోవేవులు రాకముందు మధ్యతరగతి ఇళ్లలో కేకు అంటే ఆ ఓవెనులో చేసినదే. ఆ పాత మూతను గోడకు తగిలించి, గాజు కిటికీ చుట్టూ జొన్న కంకులు కట్టిన అలంకరణ ఆ షెడ్డు మొత్తంలో నాకు అన్నింటికంటే ముందుగా నచ్చింది.

పొద్దుటి సమయమంతా లోహాల గురించి చెప్పేది ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న ముళబాగిలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. రేకుపని, మాట్లు వేయడం (కరిగించిన లోహంతో అతకడం), ఇత్తడి పాత్రలకు కళాయి పూయడం ఆయన కుటుంబ వృత్తి. ఆ సరిహద్దు ప్రాంతపు తెలుగులో నిదానంగా చెబుతారు. వచ్చినవాళ్లందరూ ఆయనను తాతా అనే పిలుస్తారు. ఆయన మొదట అందరి చేతికీ ఒక అయస్కాంతం ఇచ్చి బల్ల మీది సామాన్లను వేరు చేయమంటారు. అంటుకున్నవి తగరపు పూత ఉన్న ఉక్కు రేకువి. అంటుకోకుండా తేలికగా ఉన్నవి సత్తువి, అంటే అల్యూమినియంవి. అంటుకోకుండా బరువుగా ఎర్రగా ఉన్నవి రాగివి. ఉక్కు రేకుకు ఇరువైపులా తగరం పూస్తేనే రొట్టె టిన్నుల రేకు తయారవుతుంది. ఇత్తడి గిన్నె లోపల కళాయిగా మెరిసేది కూడా ఆ తగరమే. గీతలు పడి తగరం పోయిన చోట ఉక్కు బయటపడుతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే ఏ టిన్నును ఎలా శుభ్రం చేయాలో, దేనిని వానలో పెట్టకూడదో మరొకరు చెప్పనక్కరలేదు.

శుభ్రం చేసే పద్ధతులు ఆయన లోహానికి ఒక తీరుగా చూపించారు. తుప్పు పట్టిన రేకును తెల్ల వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే పొయ్యి సెగన ఆరబెట్టాలి. తడి ఆరకపోతే మళ్లీ తుప్పు పడుతుంది, వెనిగర్‌లో మరీ ఎక్కువసేపు ఉంచితే మిగిలిన తగరపు పూత కూడా పాడవుతుంది. సత్తు పాత్రకు చింతపండు గుజ్జు చాలు. దానికి మాత్రం చాకలి సోడా గాని, కాలువలు శుభ్రం చేసే కాస్టిక్ సోడా గాని తగలకూడదు. అవి అల్యూమినియాన్ని నల్లబరచి తినేస్తాయి, కాస్టిక్ సోడా అయితే హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది. “సత్తుకు సోడా చూపించొద్దమ్మా, గిన్నే మిగలదు” అని ఆయన ఒక చిల్లులు పడిన కేకు టిన్ను తీసి అందరికీ చూపించారు. ఇక ఏళ్ల తరబడి నూనె రాసి కాల్చగా రొట్టె టిన్నుల లోపల పేరుకున్న నల్లని గట్టి పొరను గీకవద్దని గట్టిగా చెప్పారు. ఆ పొర రేకును తుప్పు నుంచి కాపాడుతుంది, దాని వయసునూ చెబుతుంది. పాత వస్తువును కొత్తదానిలా మెరిపించాలనే ఉబలాటం మనలో చాలామందికి ఉంటుంది. ఆ మెరుపు వచ్చాక అది బజారులో కొన్న కొత్త టిన్నుకు తేడా లేకుండా పోతుంది. పెద్దాయన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

అన్ని పాత అచ్చులకూ చిల్లులు కొట్టకూడదన్న పట్టుదల కూడా ఈ తరగతిలో నాకు నచ్చింది. మాతో నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ తమ ఇంట్లో తరతరాలుగా ఉన్న, లోపల కళాయి పూసిన రాగి జెల్లీ అచ్చును తెచ్చి, దానిని దీపపు గూడుగా మార్చాలన్నారు. నిర్వాహకురాలు ఒప్పుకోలేదు. “అక్కా, దీనికి తాత కళాయి పూసి ఇస్తారు, కొలువులో పై మెట్టు మీద ఇలాగే పెట్టండి, చిల్లి పడితే మళ్లీ పూడ్చలేం” అని నచ్చజెప్పారు. దెబ్బతిన్నవి, జత తప్పినవి, ఒకే రకంవి పదులుగా దొరికేవి మాత్రమే కోతకూ చిల్లులకూ పనికి తీసుకుంటారు. మిగతావాటిని తీగతోనో దారంతోనో కట్టి, పండుగ అయ్యాక విప్పి దాచుకునేలా చేయిస్తారు. రుసుము తీసుకుని నేర్పే చోట ఇలా వద్దని చెప్పగలగడం చిన్న విషయం కాదు.

చేసిన వస్తువులన్నింటిలో తలమానికం టార్ట్ టిన్నుల తోరణం. చీర కుచ్చిళ్ల వంటి అంచు ఉండే ఈ చిన్న టిన్నుల అడుగున నడిమధ్య ఒక చిల్లి కొట్టి, నూలు తాడును అందులోంచి దూర్చి, లోపల ఒక చెక్కపూస ముడివేసి, ఆ పూస కింద తాజా బంతిపువ్వు వేలాడేటట్లు కడతారు. టిన్ను బోర్లా ఉంటుంది కనుక వాన చినుకు పువ్వు మీద పడదు, గాలి వీచినప్పుడు టిన్ను టిన్ను తగిలి సన్నగా మోగుతుంది. రెండు టిన్నుల నడుమ మామిడాకులు మూడేసి గుచ్చుతారు. పువ్వు వాడిపోతే పూస కింది ముడి ఒక్కటి విప్పి కొత్త పువ్వు కట్టుకోవచ్చు, తోరణం మొత్తం దించవలసిన పని లేదు. నేను మా గుమ్మానికి సరిపడేటట్లు కట్టుకుని తెచ్చాను. నవరాత్రులన్నీ అదే ఉంది, రోజూ పొద్దున గాంధీ బజారు నుంచి తెచ్చిన పువ్వులు మార్చడం తప్ప మరో పని పెట్టలేదు. సత్తు టిన్నులనే ఎంచుకోవాలని పెద్దాయన చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా పనికివచ్చింది. వరండాలోకి జల్లు కొట్టినా వాటికి తుప్పు పట్టలేదు.

కొలువు మెట్ల ఆలోచన చిన్న ఫ్లాట్లలో ఉండేవారికి వరం. గుండ్రని కేకు టిన్నులను బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చితే మూడు మెట్ల కొలువు తయారవుతుంది, పండుగ అయ్యాక ఒకదానిలో ఒకటి దూర్చి అలమారలో పెట్టుకోవచ్చు. ఇందులో కొలతల లెక్క ముఖ్యం. 10, 8, 6 అంగుళాల టిన్నులను నడిమధ్యకు పేర్చితే చుట్టూ మెట్టు వెడల్పు ఒక్క అంగుళమే వస్తుంది, దాని మీద ఏ బొమ్మా నిలవదు. అవే టిన్నులను వెనక అంచులు కలిసేటట్లు జరిపితే ముందు వైపు రెండేసి అంగుళాల చోటు దొరుకుతుంది. 12, 8, 4 అంగుళాల వరుస తీసుకుని అలాగే జరిపితే నాలుగేసి అంగుళాలు. చన్నపట్నం లక్క బొమ్మలు రెండంగుళాలలో హాయిగా నిలుస్తాయి, కొండపల్లి ఎడ్లబండికో అంబారీ ఏనుగుకో మాత్రం నాలుగు అంగుళాలు ఉండవలసిందే. టిన్నులు తేలిక కనుక లోపల ఇసుక సంచి పెట్టమన్నారు. పై మెట్టు మీద రాజు, రాణి బొమ్మలు ఉంచి, టిన్ను గోడల చుట్టూ చేనేత అంచు గుడ్డను పిన్నులు లేకుండా ముడి వేయడం చూపించారు. ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది. గుడ్డ పూర్తిగా చుట్టేస్తే లోపల ఉన్నది టిన్నా అట్టపెట్టెనా అన్నది కనబడదు. పైన రెండు వేళ్ల వెడల్పున లోహం కనబడనిస్తేనే అందం.

రొట్టె టిన్నుల్లో మొలకలు వేయడం తెలిసినవారికి కొత్త కాదు. కొలువు ముందు రాగులో ఆవాలో మొలిపించి పొలంలా, తోటలా అమర్చడం పాత అలవాటే. పొడవాటి రొట్టె టిన్ను ఆ పనికి కొలిచి చేసినట్టే ఉంటుంది. అడుగున మేకుతో నీళ్లు పోయే చిల్లులు, లోపల పలుచని ప్లాస్టిక్ పొర, రెండంగుళాల మట్టి, కొలువుకు వారం ముందు విత్తనాలు. అంతకు మించి చెప్పవలసింది లేదు.

నడుమ గొట్టం ఉండే రింగు అచ్చుకు వాళ్లు ఇచ్చిన పని నన్ను బాగా ఆకట్టుకుంది. అచ్చును వెల్లకిలా పెట్టి, చుట్టూ ఉన్న కాలువలో నీళ్లు పోసి, చామంతి రేకులు, తులసి దళాలు తేల్చి, నడుమ ఖాళీలో ఇత్తడి కుంది నిలబెడతారు. నీళ్లు చుట్టూ ఉండటం వల్ల దీపం పక్కకు ఒరిగినా బల్లగుడ్డకు అంటుకునే ప్రమాదం తగ్గుతుంది, నీటిలో వెలుగు తిరుగుతూ కనబడుతుంది. అడుగు ఊడివచ్చే టిన్నులు ఈ పనికి పనికిరావు, నీళ్లు కారిపోతాయి. ఒకే పోతలో చేసిన అచ్చునే ఎంచుకోవాలి. మఫిన్ ట్రేను ప్రమిదల పళ్లెంగా వాడే పద్ధతి కూడా చక్కనిదే. ఒక్కొక్క గుంతలో ఇసుక పోసి దాని మీద మట్టి ప్రమిద పెడతారు, కనుక నూనె చిందినా ఇసుకే పీల్చుకుంటుంది. అల్యూమినియం వేడిని చాలా త్వరగా పక్కకు పాకిస్తుంది కాబట్టి ట్రేను నేరుగా ప్లాస్టిక్ బల్ల మీద కాకుండా రెండు ఇటుకల మీద నిలపమని చెప్పారు. గుమ్మడికాయల సంగతికి వస్తే, జెల్లీ అచ్చులకు నారింజ రంగు కొట్టించడం నాకు నచ్చలేదు. రంగు లేకుండా వదిలేసి, గాడుల వెంట పసుపు నూలు దారం చుట్టిన నమూనా బల్ల చివర ఒకటి ఉంది, దాని ముందు రంగు వేసినవన్నీ వెలవెలబోయాయి.

ఈ తరగతికి ప్రాణం మధ్యాహ్నం నేర్పే ఆకాశదీపం. కార్తీక మాసంలో చిల్లులున్న చిన్న పాత్రలో దీపం వెలిగించి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగి వేలాడదీయడం మన శివాలయాలలో, విష్ణ్వాలయాలలో అనాదిగా ఉన్నదే. పితృదేవతలకు ఆ వెలుగు దారి చూపుతుందని నమ్మకం. ఆ పాత్ర నమూనాను తీసుకుని, పొడవాటి గుండ్రని కేకు టిన్నుకు చిల్లులతో ముగ్గు వేయిస్తారు. ఇక్కడే నిర్వాహకురాలి ఊహాశక్తి కనబడుతుంది. అమెరికాలో ఇలా రేకుకు చిల్లులు కొట్టే లాంతర్లకు ఆకులు, నక్షత్రాలు గీస్తారు; ఈమె చుక్కల ముగ్గును తీసుకున్నారు. కాగితం మీద ముగ్గు వేసి, మైదా గంజితో టిన్ను చుట్టూ అంటించి, చుక్క ఉన్న చోటల్లా మేకు దింపితే చాలు, వెలుగులో ముగ్గు తానే పడుతుంది. గీతల వంపులు లేకుండా చుక్కలతోనే రూపం తెలిసే కళ మన వాకిళ్లలోనే ఉండగా మరో నమూనా వెతకవలసిన అవసరం లేదని ఆ టిన్నులు చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు.

చిల్లులు కొట్టేటప్పుడు రేకు లోపలికి సొట్టపడకుండా ఉండాలంటే లోపల ఆధారం కావాలి. అందుకు టిన్నులో ముప్పాతిక వరకు నీళ్లు పోసి ముందు రోజు రాత్రే ఫ్రీజరులో గడ్డ కట్టించి ఉంచుతారు. నీరు గడ్డ కడితే సుమారు 9 శాతం పొంగుతుంది కనుక నిండా పోస్తే అడుగు ఉబ్బుతుంది. గడ్డకట్టిన టిన్నును మడిచిన తువాలు మీద అడ్డంగా పడుకోబెట్టి, చిన్న సుత్తితో మేకు మీద రెండు దెబ్బలు వేస్తే చిల్లి శుభ్రంగా దిగుతుంది. మంచు కరిగేలోపు పని ముగించాలి. పెద్దాయన మాత్రం ఈ మంచు పద్ధతి పట్టించుకోకుండా, లోపల గుండ్రని దుంగ దూర్చి, దాని మీదే టిన్ను తిప్పుతూ కొడతారు. ఆయన చేతి వేగం చూసిన తరువాత నాకు దుంగ పద్ధతే మేలనిపించింది. చేతికి చలి తగలదు, ఎంతసేపైనా తీరికగా చేసుకోవచ్చు. ఒక చేతి మందం దుంగ ఏ వడ్రంగి దగ్గరైనా దొరుకుతుంది.

లోపాలు కూడా సరిగ్గా ఈ ఆకాశదీపం దగ్గరే ఉన్నాయి. కొన్ని పాత చేతిపని టిన్నుల అతుకులు మడతతో కాకుండా మాటుతో వేసినవి. పాత మాటులో తగరంతో పాటు సీసం ఉంటుంది. ఆ మిశ్రమం సుమారు 183 డిగ్రీల సెల్సియస్ వేడికే కరగడం మొదలవుతుంది. తగరం ఒక్కటే అయితే 232 డిగ్రీల వరకు, అల్యూమినియం 660 డిగ్రీల వరకు ఆగుతాయి. దీపపు మంట కొన వేడి దీనికన్నా చాలా ఎక్కువ కనుక, మంటకు దగ్గరగా మాటు అతుకు ఉంటే అది ఊడిపోవచ్చు, ఎత్తున వేలాడుతున్న నూనె దీపం కింద పడవచ్చు. పెద్దాయనకు ఈ సంగతి బాగా తెలుసు, అడిగితే చెప్పారు కూడా. కాని మధ్యాహ్నపు హడావిడిలో అందరికీ టిన్నులు పంచినప్పుడు ఎవరూ అతుకులు చూసి ఇవ్వలేదు. అంతకన్నా తప్పు, వేలాడే కొక్కేలను కొందరికి వేడి జిగురు తుపాకీతో అంటించి ఇవ్వడం. ఆ జిగురు దీపం సెగకే మెత్తబడుతుంది. దీపం ఉన్న ఏ వస్తువుకైనా తీగ కట్టు గాని రివెట్టు గాని తప్ప మరొకటి వాడకూడదు. పైకి వేడి పోవడానికి టిన్ను మీది భాగంలో పెద్ద చిల్లులు, కింద గాలి రావడానికి చిన్న చిల్లులు ఉండాలన్నది కూడా నోటితో చెప్పి వదిలేయకుండా నమూనా కాగితం మీదే గుర్తు పెట్టి ఇస్తే బాగుండేది. నూనె దీపానికి బదులు బ్యాటరీ దీపం పెట్టుకునేవారికి ఈ భయాలేవీ ఉండవు, కాని కార్తీక దీపమని చెప్పి నేర్పుతున్నప్పుడు నూనె, వత్తి వాడతారనే అనుకుని నేర్పాలి.

రంగులు వేసే చోటి పరిస్థితి మరింత అసంతృప్తి కలిగించింది. స్ప్రే రంగులు కొట్టేది షెడ్డులోనే, ఒకే కిటికీ పక్కన; పొగమంచులా లేచిన రంగు మిగతా బల్లల దాకా వచ్చింది. ఆరుబయట చెట్టు కింద అంత చోటు ఉండగా లోపల కొట్టించడం సరికాదు. వాన వస్తుందని భయమైతే పైన ఒక టార్పాలిను కట్టుకోవచ్చు. ఉక్కు రేకుకు రెడాక్సైడ్ ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయాలని, అల్యూమినియానికి వేరే ప్రైమరు కావాలని పొద్దున పెద్దాయన చెప్పినా, మధ్యాహ్నం అన్నింటికీ ఒకే డబ్బా వాడారు; సత్తు టిన్నుల మీద ఆ రంగు కొద్ది రోజులకే పెచ్చులుగా లేచిపోతుంది. పెచ్చులూడుతున్న పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దడం కూడా మానాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తడిపి రుద్దడం, మూతికి గుడ్డ కాకుండా మాస్కు కట్టుకోవడం, చిన్న పిల్లలను ఆ చోటికి రానివ్వకపోవడం నియమంగా పెట్టాలి. ఒకసారి రంగు, జిగురు తగిలిన అచ్చును మళ్లీ వంటకు వాడకూడదన్న హెచ్చరిక మాత్రం గోడ మీద పెద్ద అక్షరాలతో, కన్నడంలో, తెలుగులో రాసి ఉంది. అది మెచ్చుకోవలసిన పని.

ప్లాస్టిక్ మేపుల్ ఆకుల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇంత ఆలోచనతో, ఇంత మన్నికగా చేసిన సామాను పక్కన, ఎర్రటి ప్లాస్టిక్ ఆకుల దండలు బుట్టలో పోసి ఎవరికి కావాలంటే వారిని తీసుకోమన్నారు. ఆ చెట్టు ఈ ఊళ్లో లేదు, ఆ ఆకు మన శరత్తుది కాదు, ఆ ప్లాస్టిక్ రెండో ఏడాదికి వెలిసిపోయి చెత్తకుండీకి పోతుంది. జొన్న కంకులు, ఎండిన తామర కాయలు, గుల్‌మొహర్ కాయలు, రెల్లు కట్టలు, చింతగింజల దండలు, ఇవన్నీ కృష్ణరాజ మార్కెట్టు దగ్గరో ఊరి శివార్లలోనో దొరుకుతాయి, పాత లోహం పక్కన అవే ఇముడుతాయి. భోజనం తరువాత ఈ మాట నిర్వాహకురాలితో అన్నాను. అపార్టుమెంట్లలో అమెరికా శరత్కాలపు వేడుక హాలోవీన్ జరుపుకునే పిల్లల కోసం తల్లులు అడుగుతారని, అందుకే ఉంచానని ఆమె చెప్పారు. వారి కోసం ఉంచదలిస్తే, ఎండబెట్టిన బాదం చెట్టు ఆకులు ఉన్నాయి. రాలే ముందు అవి ఎర్రగా, నారింజగా మారతాయి. శీతకాలంలో ఏరి పుస్తకాల మధ్య అదిమి దాచుకుంటే వచ్చే ఏడు దసరా వరకు చక్కగా ఉంటాయి.

షెడ్డు మూల పాత అచ్చుల అమ్మకం కూడా ఉంది. రొట్టె టిన్ను 250 రూపాయలు, పెద్ద కేకు అచ్చు 600 వరకు చెబుతారు. సండే బజారులో బేరమాడగలిగినవారికి అంతకన్నా చాలా తక్కువకు దొరుకుతాయి. కాని ఇక్కడివి ఏరి, శుభ్రం చేసి, ఏ లోహమో చీటీ కట్టి అమ్ముతారు కాబట్టి వయసు పైబడినవారికి, ఆదివారం పొద్దున్నే ఆ జనంలో తిరగలేనివారికి ఆ ధర అన్యాయం కాదు. డ్రిల్లు ఒక్కటే ఉండటం వల్ల వరుసలో నిలబడవలసి వస్తుంది, చేతి తొడుగులు అందరికీ సరిపోవు. తొడుగులు ఇంటి నుంచి తీసుకెళ్లడం మంచిది. పదేళ్ల లోపు పిల్లలను తీసుకెళ్లవద్దు, కోసిన రేకు అంచులు చాలా పదునుగా ఉంటాయి.

దీపావళి తరువాత, కార్తీక మాసంలో, ఆకాశదీపం ఒక్కదానికే పూటంతా కేటాయించి మరో తరగతి పెడతామని చెబుతున్నారు. అందులో చేరదలచినవారు బల్ల మీద ఇచ్చిన టిన్నునే పట్టుకోకుండా, అతుకు మడతదో మాటుదో పెద్దాయనకు చూపించి తీసుకోవాలి. మాటు టిన్ను చేతికి వస్తే దానిని మొలకలకు ఉంచుకుని, దీపానికి ఒకే రేకులో వత్తిన సత్తు అచ్చు అడగాలి. కొక్కేనికి జిగురు వద్దని, తీగ కట్టి ఇమ్మని చెప్పాలి. ఆయన కాదనరు, పైగా తీగ ఎలా మెలివేస్తే జారదో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తారు.